సున్నా నంబరు కాగితం

"మాస్టారూ, పోయిన నెల పదిహేడో తారీఖున వాన పడిందా?"

మబ్బులబ్బాయి తలెత్తాడు. స్టాఫ్ రూమ్ గుమ్మంలో ఎవరో అమ్మాయి. చేతుల మీద గడ్డం దాకా పేర్చుకున్న రికార్డు పుస్తకాలు. ఆ దొంతర పైనుంచి రెండు కళ్ళు, చెవి మీద దోపుకున్న ఒక పెన్సిలు మాత్రమే కనిపిస్తున్నాయి.

"పడిందండీ. పన్నెండు మిల్లీమీటర్లు. రికార్డులో ఉంటుంది చూడండి."

"ఉంది. నలభై రికార్డుల్లోనూ ఉంది. 'ఉదయం ఎనిమిదిన్నరకు కాలేజీ మేడ ఎక్కి రెయిన్ గేజ్ పరిశీలించితిమి' అని నలభై మందీ రాశారు. మీరు నలభై సంతకాలు పెట్టారు."

"అయితే ఏమైంది? వాన అందరికీ ఒక్కటేగా?"

"వాన ఒక్కటే. కానీ ఆ రోజు ఆదివారం మాస్టారూ. కాలేజీ గేటుకి తాళం. నలభై మందీ గోడ దూకి వచ్చారంటారా?"

కిటికీ దగ్గర టీ తాగుతున్న లెక్కల మేడంకి పొలమారింది. ఆవిడ దగ్గుతూనే నవ్వింది, నవ్వుతూనే దగ్గింది. మబ్బులబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి.

"చూడండీ, నేను చెప్పేది భూగోళం. రాయడం నేర్పడం భాష చెప్పేవాళ్ళ పని."

"మబ్బు గురించి భాష చెప్పేవాళ్ళు ఏం రాయిస్తారు? అమ్మాయి జుట్టులా నల్లగా ఉందంటారు. మీ పరీక్షలో అలా రాస్తే మార్కులేస్తారా?"

ఆమె పుస్తకాల దొంతరని అతని బల్ల మీద దించింది. అప్పుడు మొహం మొత్తం కనిపించింది. అలా పూర్తిగా కనిపించకుండా ఉంటేనే గట్టిగా వాదించగలిగేవాణ్ణి కదా అనిపించింది అతనికి.

"మెట్ల కింద గదిలో ఉంటాను. వీలున్నప్పుడు రండి," అని వెళ్ళిపోయింది.

"ఎవరండీ ఈవిడ?"

"పెన్సిలమ్మ," అంది లెక్కల మేడం కళ్ళు తుడుచుకుంటూ. "ఈ ఏడే వేశారు. ప్రతి సబ్జెక్టులోనూ పిల్లల చేత రాయించాలట. ఎలా రాయించాలో మనకి నేర్పడానికి వచ్చింది. నేను వెళ్ళొచ్చాలే తమ్ముడూ. నువ్వూ వెళ్ళు. ఏం కొరకదు."

*

మెట్ల కింద గది ఒకప్పుడు విరిగిన బెంచీల కొట్టు. ఇప్పుడు అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక కప్పు నిండా చెక్కిన పెన్సిళ్ళు, గోడ పొడవునా పుస్తకాలు ఉన్నాయి. ఉన్న ఒక్క కిటికీలోంచి చూస్తే పెరటి గోడ, దానికి ఆనుకుని మేడ మీదికి వెళ్ళే ఇనుప మెట్లు కనిపిస్తాయి.

మూడు రోజులు అటు వెళ్ళకుండా బిగుసుకుని కూర్చుని, నాలుగో రోజు వెళ్ళాడు మబ్బులబ్బాయి. అతనికి వయసు ముప్పై ఒకటి. ఎనిమిదేళ్ళుగా అదే కాలేజీలో మబ్బుల పాఠం చెప్తున్నాడు కాబట్టి తోటివాళ్ళకి మబ్బులబ్బాయి, పిల్లలకి మబ్బుల సార్.

"ఈ గదికి ఒక పద్ధతుంది," అంది పెన్సిలమ్మ. "పిల్లలకి మీరిచ్చే పనిని ముందు మీరు చేసి తేవాలి. ఒక్క పేజీ. నేను దిద్దను. తప్పొప్పులు చెప్పను. పక్కన ప్రశ్నలు వేస్తాను, అంతే."

"ఎన్ని?"

"మూడు."

"దానికోసం జీతమిస్తున్నారా మీకు?"

"మీరు నలభై సంతకాలు పెడితే ఇవ్వట్లేదా?"

మర్నాడే ఒక పేజీ రాసి తెచ్చాడు. ఆకాశం, మబ్బుల రకం, ఎత్తు, గాలి దిశ అన్నీ ఉన్నాయి. మంచి దస్తూరి. కొట్టివేత ఒక్కటీ లేదు. ఆమె శ్రద్ధగా చదివింది. చెవి మీది పెన్సిలు కోసం బల్లంతా వెతికి, చివరికి చెవి తడుముకుని, అంచున మూడు ప్రశ్నలు వేసి కాగితం వెనక్కి తిప్పింది.

ఈ మబ్బు ఎటు వెళ్తోంది? ఎంతసేపు చూశారు? చూసినంతసేపూ మీకు తెలియనిదేమిటి?

మూడో ప్రశ్న దగ్గర అతను ఆగిపోయాడు. ఎనిమిదేళ్ళలో అతన్ని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"తెలియనిది రాస్తే రికార్డు ఎలా అవుతుంది?"

"అసలు మేడ ఎక్కారా మాస్టారూ?"

ఆమె కిటికీ వైపు చూపించింది. ఇనుప మెట్లు ఎండలో మెరుస్తున్నాయి. మొదటి మెట్టు మీద ఎండిన ఆకులు ఎవరూ తొక్కకుండా అలాగే ఉన్నాయి.

"పొద్దున్నించీ ఇక్కడే కూర్చున్నాను. మీరు ఎక్కలేదు. స్టాఫ్ రూమ్‌లో కూర్చుని పుస్తకంలో ఉన్న ఆకాశం దించేశారు. మీరు చేసిందే మీ పిల్లలూ చేశారు."

ఆ మాటలో ఎకసెక్కం ఉంటే అతనికి కోపం వచ్చేది. లేదు. నీళ్ళగ్లాసు అందించినట్టు మామూలుగా అంది. అందుకే ఎక్కడో తగిలింది.

*

ఆ సాయంత్రం అతను ఆకులు తొక్కుకుంటూ మేడ ఎక్కాడు.

రెయిన్ గేజ్ ఒక మూల నిలబడి ఉంది. గరాటు మీద పిచ్చుక రెట్ట. అతను రుమాలుతో తుడిచి, పిట్టగోడ పక్కన కూర్చున్నాడు. పది నిమిషాలనుకున్నాడు. గంటైంది.

పడమటి వైపు ఒక చిన్న తెల్ల మబ్బు ఏ తొందరా లేకుండా నిలబడి ఉంది. కదలదేమో అనుకున్నాడు. మేడ మీది నీళ్ళ ట్యాంకు అంచుకి గురి పెట్టి చూస్తే కదిలింది. కదులుతూ కదులుతూ రెండుగా విడిపోయింది. అందులో ఒకటి చూస్తుండగానే అంచుల నుంచి కరిగిపోయింది. ఎక్కడికి పోయిందో పాఠంలో ఉంది. అతనే చెప్తాడు. కానీ పాఠం చెప్తున్నప్పుడు ఎన్నడూ ఇలా గుండెలో ఏదో జారినట్టనిపించలేదు. దేవుడు రోజుకో కొత్త ఆకాశం రాసి పెడుతున్నాడు, నేను చదవకుండానే సంతకం పెట్టేస్తున్నానన్నమాట అనుకున్నాడు.

మర్నాడు అతను తెచ్చిన కాగితం నిండా కొట్టివేతలే. చివర ఇలా ఉంది: "ఒకే మబ్బు రెండుగా ఎందుకు విడిపోయిందో తెలియలేదు. ఆ రెండిటిలో ఒకటే ఎందుకు మిగిలిందో కూడా తెలియలేదు."

పెన్సిలమ్మ చదువుతూ బల్ల కింద కుడికాలి చెప్పు విడిచింది. కాగితం నచ్చితే ఆమె అలా చేస్తుందని అతనికి అప్పటికి తెలియదు. తర్వాత తెలిసింది. తెలిశాక ఏ కాగితం ఇచ్చినా అతని చూపు బల్ల కిందికే పోయేది.

ఇద్దరూ కూర్చుని పిల్లల పనిని మార్చారు. ఒక్కొక్కరే మేడ ఎక్కాలి. పది నిమిషాలు. ఏం కనిపించింది, ఏం మారింది, ఏం తెలియలేదు, ఈ మూడే రాయాలి. మార్కులు లేవు. కాగితం మీద పేరు ఉండదు, రహస్య నంబరు ఉంటుంది. గురువారం కాగితాలన్నీ కలిపి పంచితే, ఎవరిది వస్తే వాళ్ళది చదివి పెన్సిలుతో మూడు ప్రశ్నలు వేయాలి.

"మీరూ రాయాలి మాస్టారూ, వాళ్ళతో పాటు. మీ కాగితం కూడా కుప్పలో పడాలి."

"నా నంబరెంత?"

"సున్నా పెట్టుకోండి. అహంకారం తగ్గుతుంది."

"నాకు అహంకారమా!"

"మీకు కాదు. సంతకాలకి."

*

వానాకాలం ముదిరింది. వారం వారం కాగితాలు వచ్చాయి. మొదట్లో పిల్లలు వంకలు పెట్టారు. తర్వాత మేడ మెట్ల దగ్గర వరస కట్టారు. "పైన గాలి ఒకవైపు, కింద గాలి ఇంకోవైపు. మధ్యలో గాలిపటం ఉంటే ఏం చేస్తుందో?" అని ఒకరు రాశారు. "పది నిమిషాలు నేనొక్కదాన్నే ఉండటం ఇదే మొదటిసారి. మబ్బుని సరిగా చూడలేదు, క్షమించాలి," అని ఇంకొకరు రాశారు. సున్నా నంబరు ఎవరిదో వాళ్ళు రెండో వారానికే కనిపెట్టేశారు. ఆ కాగితం తనకే రావాలని గురువారం గురువారం క్లాసులో పెద్ద పోటీ.

సాయంత్రాలు మెట్ల కింద గదిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని కాగితాలు చదివేవాళ్ళు. పెరటి గోడ మీద వాన జాలువారేది. మాట్లాడేవాళ్ళు కాదు. నవ్వొచ్చే వాక్యం వస్తే వేలు పెట్టి, కాగితం ఎదుటివాళ్ళ వైపు జరిపేవాళ్ళు. ఒకసారి ఆమె వేలు, అతని వేలు ఒకే వాక్యం మీద పడ్డాయి. వాక్యం అయిపోయి చాలాసేపయ్యాక కూడా ఇద్దరూ వేళ్ళు తీయలేదు. ఆ రోజు అతను గొడుగు అక్కడే మరిచిపోయి, తడుస్తూ ఇల్లు చేరి, తడిసిన సంగతి అమ్మ చెప్తే గాని తెలుసుకోలేదు.

"ఈమధ్య తల పైకెత్తుకుని నడుస్తున్నావురా," అంది అమ్మ తువ్వాలు అందిస్తూ. "మబ్బుల కోసమేనా?"

"పిల్లల పాఠం అమ్మా."

"ఆ పాఠానికి చెవి మీద పెన్సిలు కూడా ఉంటుందా?"

అతను గతుక్కుమని చెవి తడుముకున్నాడు. నిజంగానే ఉంది. తనది కాదు. ఆమెది.

*

లెక్కల మేడం ఒక కబురు మోసుకొచ్చింది.

"విన్నావా తమ్ముడూ, ఈ శుక్రవారంతో మెట్ల కింద గది సంగతి తేలిపోతుంది. కొన్నాళ్ళు చూసి చెప్తామన్నారుగా ప్రిన్సిపాల్ గారు. ముగ్గురు మేష్టర్లు 'ఈ గది మాకు కావాలి' అని ఎందుకో రాసివ్వాలట. లేకపోతే మూసేస్తారు. నేనిచ్చేశాను. కెమిస్ట్రీ ఆయనా ఇచ్చాడు. మూడోది నీదే."

"ఇస్తానక్కా. దానికేం?"

"ఇద్దువుగాని, ఇంకో సంగతుంది." గొంతు తగ్గించింది. "అమ్మాయి నిన్నట్నించీ పుస్తకాలు డబ్బాల్లో సర్దుతోంది. కళ్ళారా చూశాను. వాళ్ళ నాన్న ఉండే ఊళ్ళో కాలేజీలో ఉద్యోగం ఖాళీ ఉందని ఆమధ్య తనే అంది. రెండూ కలుపుకో. వెళ్ళిపోతోంది. రుజువైనట్టే."

సాయంత్రం మబ్బులబ్బాయి గది వైపు వెళ్ళాడు. తలుపు ఓరగా ఉంది. సగం అల్మారా ఖాళీ. డబ్బాల మీద డబ్బాలు. ఆమె వెనక్కి తిరిగి ఒక పుస్తకం దుమ్ము తుడుస్తోంది. అడుగుదామని నోరు తెరిచాడు. అడగకుండానే, వచ్చినంత నెమ్మదిగా వెనక్కి తిరిగాడు.

ఇంటికెళ్ళి ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు. "ఈ గది మాకు కావాలి," అని రాసి ఆగాడు. గది కావాలా? ఆమె కావాలా? వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్దామనుకుంటున్న మనిషిని, నా ఇష్టం కోసం గది పేరు చెప్పి కట్టిపడేస్తున్నానా? కొట్టేశాడు. మళ్ళీ రాశాడు. మళ్ళీ కొట్టేశాడు.

అమ్మ దేవుడి గదిలోంచి వచ్చి పక్కన కూర్చుంది.

"అమ్మా, మనకి కావలసింది దేవుణ్ణి అడగడం తప్పా?"

"అడిగితే ఆయన వద్దన్నాడా?"

"నాకు కావలసింది ఇంకొకళ్ళకి కష్టమైతే?"

"ఏమో నాన్నా, అంత లోతు నాకు తెలీదు. రోజూ అడుగుతూనే ఉంటాను, ఆయన ఏమంటాడో నాకూ సగమే వినిపిస్తుంది. కానీ ఒకటి. మనిషిని అడగాల్సింది దేవుణ్ణి అడిగేసి చేతులు దులుపుకోకూడదు. ఆయనకి వేరే పనులుంటాయి."

ఆ మాట బాగానే అర్థమైంది. ధైర్యమే రాలేదు. అడగడానికి బదులు అతను తనకి చేతనైన పని చేశాడు. తెల్ల కాగితం తీసుకుని, పిల్లలకి నేర్పిన పద్ధతిలోనే, ఎవరికీ చూపించకూడదనుకుంటూ రాశాడు. అలవాటు కొద్దీ మూలన సున్నా వేశాడు. రాశాక మనసు కొంచెం తేలికపడింది. దాన్ని రాసుకునే అట్టకి తగిలించి ఉంచిన ఆ వారం మబ్బు కాగితం కింద దాచాడు.

*

గురువారం క్లాసు. కాగితాల కుప్ప కలిపి పంచారు. పెన్సిళ్ళ చప్పుడు. బయట సన్నటి జల్లు.

మబ్బులబ్బాయి కిటికీ దగ్గర నిలబడి, రేపు శుక్రవారం, ఉత్తరం ఇంకా రాయలేదు అనుకుంటున్నాడు. క్లాసు మరీ నిశ్శబ్దంగా ఉందని అతనికి ఆలస్యంగా తెలిసింది. మూడో బెంచీ నుంచి ఒక కాగితం నాలుగో బెంచీకి వెళ్ళింది. అక్కణ్ణించి చివరి బెంచీకి. ప్రతి ఒక్కరూ చదువుతున్నారు, తల ఎత్తకుండా ఒక ముక్క రాస్తున్నారు, పక్కకిస్తున్నారు. పిల్లలింత బుద్ధిగా ఎప్పుడూ లేరు. సంతోషించాడు.

గంట కొట్టారు. లీడరమ్మాయి కాగితాలన్నీ కట్ట కట్టి, "ఎప్పట్లాగే మేడం గారికిచ్చేస్తాం సార్," అని పరుగెత్తింది. ఆ పిల్ల వెనక మిగతా అందరూ గుమ్మంలో కిక్కిరిసి, నవ్వు ఆపుకుంటూ వెళ్ళారు.

అతను అట్ట తీసి చూసుకున్నాడు. మబ్బు కాగితం అట్టకే ఉంది. దాని కింద ఉండాల్సింది లేదు.

పొద్దున తొందరలో కుప్పలో వేసింది ఆ సున్నా కాదు. ఈ సున్నా.

మూడంతస్తుల మెట్లు అతను ఎలా దిగాడో అతనికే తెలియదు. మెట్ల కింద గది ముందు జల్లులో తడుస్తూ ఆగాడు. తలుపు తీసే ఉంది. పెన్సిలమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. ఎదురుగా ఒకే ఒక కాగితం. మిగిలిన కట్ట విప్పనే లేదు.

"రండి మాస్టారూ," అంది తలెత్తకుండా. "చదువుతున్నాను."

ఆ కాగితంలో ఇలా ఉంది.

స్థలం: మెట్ల కింద గది. సమయం: రోజూ సాయంత్రం నాలుగు నుంచి, వాన వెలిసేదాకా.

కనిపించినవి: చెవి మీద పెన్సిలు పెట్టుకుని దానికోసమే బల్లంతా వెతుకుతుంది. కాగితం నచ్చితే కుడికాలి చెప్పు విడుస్తుంది. బాగా నచ్చితే రెండూ. పిల్లలు రాసిన తెలివితక్కువ వాక్యానికి కూడా నవ్వే ముందు ఒకసారి ఆలోచిస్తుంది, అందులో ఏమైనా ఉందేమోనని.

మారినవి: పరిశీలిస్తున్నవాడు.

తెలియనివి: ఆమె ఈ శుక్రవారం తర్వాత ఉంటుందా? ఉండాలని ఆమెకి ఉందా? ఆమె లేని చోట ఈ వానలన్నీ ఎవరికి చూపించాలి?

దాని చుట్టూ, అంచుల్లో, వెనక వైపు, నలభై చేతిరాతల్లో పెన్సిలు ప్రశ్నలు. "ఇది ఏ రకం మబ్బు సార్?" "ఎన్ని నెలల పరిశీలన?" "వాన పడే అవకాశం ఎంత శాతం?" "ముగింపు ఏది సార్? ముగింపు లేకుండా మీరు మాకు ఒప్పుకోరుగా?" "మేడంకి తెలుసా?" ఆ చివరి ప్రశ్న పదకొండు మంది వేశారు.

"పిల్లలు బాగా నేర్చుకున్నారు," అంది పెన్సిలమ్మ. "ఒక్కరు కూడా దిద్దలేదు. అందరూ అడిగారు."

"క్షమించండి. పొరపాటున కలిసిపోయింది. మీరు వెళ్ళే ముందు మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలని..."

"ఎక్కడికి వెళ్ళే ముందు?"

"డబ్బాలు..."

ఆమె పైకి చూపించింది. కప్పు మూల నల్లగా నానిపోయి ఉంది. అక్కణ్ణించి ఒక్కొక్క చుక్క, సరిగ్గా ఖాళీ చేసిన అల్మారా నడినెత్తిన, టప్పు టప్పుమని పడుతోంది. కింద ఒక బకెట్టు.

"సోమవారం నించీ కారుతోంది. పుస్తకాలు తడవకుండా సర్దాను. ఊరి వానని కొలిచే మనుషులు, గదిలో పడే వాన చూడలేదా?"

"లెక్కల మేడం అన్నారు... మీ నాన్నగారి ఊళ్ళో ఉద్యోగమని..."

"నాన్న అన్నారు, ఖాళీ ఉందని. నేను దరఖాస్తు పెట్టానని ఆవిడకెవరు చెప్పారు? డబ్బాలు చూసి రుజువు చేసేశారా? రేపు ఆవిడకీ వేస్తాను మూడు ప్రశ్నలు." ఆమె పెన్సిలు అందుకుంది. ఈసారి వెతుక్కోలేదు. కాగితంలో 'తెలియనివి' పక్కన కాస్త జాగా మిగిలి ఉంది. అక్కడ ఒక్క మాట రాసి అతని వైపు జరిపింది.

"అడిగారా?"

అతను ఆ మాట వైపు చాలాసేపు చూశాడు. గరాటులో చుక్క పడ్డట్టు ఒక్కొక్క అక్షరమూ లోపలికి దిగింది. మూడు నెలలు పరిశీలించాడు. గాలి దిశ రాసుకున్నాడు. ఒక్కసారి కూడా అడగలేదు.

"ఇక్కడే ఉండాలని మీకుందా?" అన్నాడు. "గది కోసం అడగట్లేదు. గది కోసం వేరే ఉత్తరం రాస్తాను. ఇది నా కోసం అడుగుతున్నాను. నాతో... మా ఇంట్లో... జీవితమంతా. మీకిష్టమేనా?"

బల్ల కింద చిన్న చప్పుడైంది. అతను వంగి చూడలేదు. చూడకపోయినా తెలిసింది. రెండు చెప్పులు.

"మీ అమ్మగారికి చెప్పారా?"

"ఆవిడకి నాకన్నా ముందే తెలుసు."

"మా నాన్నని నేను అడగొద్దా?"

"అడగాలి."

"ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకి మేడ మీద ఎవరైనా ఉంటారా?"

"మీరు ప్రశ్నలు తప్ప మాట్లాడరా?"

"మాట్లాడకపోతే బాగోదా?" అని, అప్పుడు నవ్వింది. ఆలోచించకుండానే.

*

శుక్రవారం మబ్బులబ్బాయి ప్రిన్సిపాల్ గారి బల్ల మీద తన ఉత్తరంతో పాటు రెండు కట్టలు పెట్టాడు. ఒకటి, ఆదివారం పడిన పన్నెండు మిల్లీమీటర్ల వాన రాసిన నలభై రికార్డులు. రెండోది, ఈ నెల కాగితాలు.

"వీటిలో తప్పు నాది సార్. నలభై అబద్ధాల కింద నలభై సంతకాలు చేశాను. ఆ గది లేకపోతే ఇంకా చేస్తూనే ఉండేవాణ్ణి. ఇవి చూడండి, నలభై మంది చూసిన ఆకాశాలు. ఒకటి ఇంకోదానిలా లేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ గదిలో ఉండే ఆమెని పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాను. అందుకని నా ఉత్తరం చెల్లదంటే తీసేయండి. ఈ కాగితాలు మాత్రం చదవండి."

ప్రిన్సిపాల్ గారు ఒక కాగితం తీశారు. చదివి, ఇంకోటి తీశారు. గాలిపటం ప్రశ్న దగ్గర కళ్ళజోడు సర్దుకుని కిటికీలోంచి బయటికి చూశారు. మబ్బులబ్బాయి లేచి వచ్చేసిన సంగతి ఆయన గమనించినట్టు లేదు. సాయంత్రం మెట్ల కింద గది గురించి నోటీసు బోర్డులో ఒక కాగితం అంటించారు. గది ఉంటుంది. కప్పు కూడా బాగు చేయిస్తారు.

లెక్కల మేడం ఆ నోటీసు రెండుసార్లు చదివి, మబ్బులబ్బాయి వీపు మీద ఒక్కటిచ్చింది. "డబ్బాల సంగతి అడక్కు. రుజువులో ఒక మెట్టు దాటేశాను."

*

ఆదివారం. రాత్రంతా వాన కురిసి వెలిసింది. వాచ్‌మన్ గొణుక్కుంటూ గేటు తాళం తీశాడు.

మబ్బులబ్బాయి ఎనిమిదింటికే మేడ మీదున్నాడు. ఎనిమిదిన్నరకి ఇనుప మెట్లు మోగాయి. రెండు జతల అడుగులు. ముందు పెన్సిలమ్మ, వెనక రొప్పుతూ ఒక పెద్దాయన. ఆయన పిట్టగోడ పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకున్నాడు. కడిగి ఆరబెట్టినట్టున్న ఆకాశాన్ని చూశాడు. తర్వాత అతన్ని పైనుంచి కింది దాకా చూశాడు.

"మా అమ్మాయి ఫోన్లో మూడు నెలలుగా మబ్బుల గురించే చెప్తోంది బాబూ. ఈ వాతావరణం ఏంటో చూద్దామని రాత్రి బస్సెక్కి వచ్చాను," అన్నాడు. "మీ అమ్మగారు ఇంట్లో ఉంటారా, వెళ్ళి కలుస్తాను?"

"ఉంటారండీ. మీకోసమే ఎదురుచూస్తున్నారు."

"మంచిది. నాకు మోకాళ్ళ నొప్పి. మీరిద్దరూ ఆ కొలిచేదేదో కొలిచి రండి. నేను కింద కూర్చుంటాను." రెండు మెట్లు దిగి ఆగాడు. "చల్లగా ఉండండి," అన్నాడు, వెనక్కి తిరగకుండా.

ఇద్దరూ రెయిన్ గేజ్ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. అతను గొట్టంలోని నీళ్ళు కొలతగ్లాసులోకి వంచాడు. ఆమె కళ్ళు నీటి మట్టానికి సమంగా వంచి చూసింది. ఆమె జుట్టులోంచి ఒక పాయ జారి గ్లాసుకి అడ్డం పడింది. అతను దాన్ని పక్కకి తీయాలా వద్దా అని ఆలోచించి, తీశాడు.

"ఎంత?"

"పదకొండు. కాదు... పదకొండున్నర."

అతను రికార్డు తెరిచాడు. ఆమె పక్కకి చెయ్యి చాపింది.

"పెన్సిలు చెవి మీదే ఉంది," అన్నాడు.

"పెన్ను ఇవ్వండి మాస్టారూ."

ఆమె ఆ గదిలోగాని బయటగాని పెన్ను పట్టగా ఎవరూ చూసింది లేదు. అతను జేబులోంచి తీసిచ్చాడు. ఆమె తీరుబాటుగా, నొక్కి రాసింది.

"ఆదివారం. ఉదయం ఎనిమిదిన్నర. వాన పదకొండున్నర మిల్లీమీటర్లు. మేడ ఎక్కి చూశాం. ఇద్దరం."

కింద తను సంతకం చేసి, పుస్తకం అతని మోకాళ్ళ మీద పెట్టింది. అతను ఆ వాక్యాలన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివాడు. చివరి మాట రెండుసార్లు చదివాడు.

తర్వాత సంతకం పెట్టాడు.